పాదం లేని గ్లాసు

రాత్రి పదకొండు దాటినంక గ్లాసులు నా దగ్గరికొస్తయి.
బయట మనామా ఇంకా ఉడుకుతనే ఉంటది.
లోపల నేను మరిగిన నీళ్ల బకెట్ మీద
ఒక్కొక్కదాన్ని బోర్లించి ఆవిరి పట్టిస్త,
తెల్లబట్టతోని తుడుస్త, లైటుకు ఎత్తి చూస్త,
ఎవలదో పెదవి ముద్ర
పోయిందా, ఇంకా ఉన్నదా అని.

మొదటి నెలల నాలుగు విరగ్గొట్టిన.
గిన్నె ఒక చేత, పాదం ఒక చేత పట్టి
లుంగీ పిండినట్టు తిప్పిన.
కాడ పుటుక్కుమన్నది.
జీతంల కోసిన్రు. కోసినంక తెలిసింది,
గిన్నె తుడిచేటప్పుడు గిన్నెనే పట్టాలె,
పాదం సంగతి తర్వాత.

నీనో అని ఒకామె, ఏ వైను ఎందుల పొయ్యాల్నో చెప్పే కొలువు.
జార్జియా దేశమట. వాళ్ల తాత
పెద్ద పెద్ద కాగులు భూమిల పాతిపెట్టి
ద్రాక్షరసం పులియబెట్టేటోడట.
ఆ మాటకు నా చెయ్యి ఆగింది.
మాది కల్లు గీసే ఇల్లని చెప్పిన,
వచ్చిన హిందీల, రాని ఇంగ్లీషుల,
ఆఖరికి స్టోర్ రూము స్తంభం పట్టుకోని
చెట్టెక్కి చూపెట్టిన.

ఒకనాడు పెండ్లి విందు సద్దుమణిగినంక
సీసా అడుగున మిగిలిన ఎర్రటిదాన్ని
మూడింట్ల ఒంపింది:
పొట్ట లావు, మూతి సన్నం, అదొకటి.
బక్కగ నిలబడ్డదొకటి.
కాఫీ తాగే కాగితం కప్పొకటి.
తాగకు, ముందుగాల ముక్కు పెట్టు అన్నది.

లావుదాంట్ల నా ముక్కు మొత్తం పట్టింది.
అండ్ల నేరేడు పండున్నది, దాని ఎనుక
వానకు తడిసిన మోకు తోలు వాసన.
నేను ఇరవై ఏండ్లు నడుముకు కట్టుకున్న వాసన,
ఎవరు పోసిన్రో అండ్ల.
బక్కదాంట్ల పులుపు
సూదిలెక్క నాలిక కొసకు గుచ్చింది.
కాగితం కప్పుల కాగితమే ఉన్నది.

ఒక్క సీసాదేనా అన్న.
ఒక్క సీసాదే అన్నది.

ప్లాస్టిక్ జగ్గుల పోస్తే మా ఓదెలు పటేలు ముట్టకపోయేటోడు.
"రేక పట్రా" అని కూసునేటోడు.
లొట్టిల ఉన్నదీ పొద్దుగాల దించిందే,
జగ్గుల ఉన్నదీ అదే. అయినా
తాటాకు మడిచి దోసిట్ల పెట్టుకుంటే గాని
ఆయనకు గొంతు దిగకపోయేది.
ఆకు పసరు జరంత కలవాలె, నురుగు మీసాలకు అంటాలె.
పటేలు చాదస్తమని చాటుకు నవ్వుకునేటోన్ని.
ఇప్పుడు ఇక్కడ అదే చాదస్తానికి
ఎనిమిది తీర్ల గ్లాసులు,
మూడు అరలు, ఒక తాళం,
తుడవడానికి నేను.

విరిగిన నాలుగింట్ల ఒకటి నా దగ్గర్నే ఉంది.
పైసలు కట్టిన గదా, చెత్తల ఎయ్యబుద్ధి కాలే.
తెగిన కాడను గరుకు కాగితంతోని రుద్ది నున్నగ చేసిన.
గుదైబియాల మా రూముకు తెచ్చుకున్న.
తాగొస్తది గాని కింద పెట్టరాదు.
పెడితే ఒరుగుతది.

మొన్న శుక్రారం అండ్ల పుచ్చకాయ రసం పోసి
ఖాదర్ బాషాకిచ్చిన. కడపాయన, మందు ముట్టడు.
అనుమానంగ వాసన చూసి
సగం తాగి అటూ ఇటూ దేవులాడిండు.
"యాడ పెట్టాలప్పా దీన్ని?"
పెట్టేతందుకు లేదన్న.
పక్కనున్న శ్రీహరి చేతికిచ్చిండు.
శ్రీహరి ఫోను పరుపు మీద బోర్లేసి
రెండు చేతులతోని పట్టుకున్నడు.
వాడు ఫోను ఇడవంగ నేను చూడలే ఈ రెండేండ్లల.
అట్ల ఆరుగురి చేతులు తిరిగి
నా దాక వచ్చేసరికి అడుగున రెండు గింజలు.

రేక గూడ గంతే గదా.
చేతిలున్నంతసేపు తాగాలె,
లేకుంటే ఇంకో చేతికియ్యాలె.

నీనోకు చెప్పాలె ఈ ముచ్చట.
వాళ్ల దిక్కు పొట్టేలు కొమ్ముతోని తాగుతరని
ఆమెనే అన్నది ఒకపారి.
కొమ్మును ఏడ పెడతరో అడగాలె.

రేపు నాలుగింటికే డ్యూటీ.
పెద్ద విందట, తొమ్మిది వందల గ్లాసులు.
అన్నీ నిలబడేటియే.